చెవుడు కాదు, మొండితనం కాదు

మా ఇంట్లో ఎవరూ మెల్లగా మాట్లాడరు. మెల్లగా మాట్లాడితే వినపడదు. మట్టెవాడ సందులో ముందు రెండు గదులు, వెనక రేకుల షెడ్డు, ఆ షెడ్డులో సాంచాలు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. మా మామ పొద్దున ఛాయ్ తాగి వాటిని నడిపించడం మొదలుపెడితే మళ్లీ ఆపేది రాత్రి అన్నాల వేళకే. ఆ మోతలో నోటిమాటకు విలువ లేదు. అందుకే మా ఇంట్లో చేతులు మాట్లాడతాయి. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్లు కావాలని. రెండు వేళ్లు గాల్లో తిప్పితే ఛాయ్ పెట్టమని. పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తమ్మ నాకు వంటిల్లు చూపించకముందే ఈ సైగలు నేర్పింది. నేనేమో ఏటూరునాగారం దగ్గరి పల్లెలో పుట్టినదాన్ని. అడవి పక్కన మా ఊళ్లో ఒకరు దగ్గితే నాలుగిళ్ల అవతలి వాళ్లు పలకరిస్తారు. ఇక్కడికొచ్చాక నా గొంతు పెరిగింది. దాంతోపాటు కోపమూ పెరిగిందని మా ఆయన అంటాడు. పెరగదా మరి!

మా బిడ్డ ఈ మోతలోనే పుట్టింది. రెండేళ్లు దాటినా మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు. "వాళ్ల నాయినకు సుత మాటలు ఆలిశంగనే వచ్చినయి తియ్" అని అత్తమ్మ మొదట్లో కొట్టిపారేసింది. మూడేళ్లు నిండాయి. మాట రాలేదు. అప్పుడు మా మామ తీర్పు చెప్పేశాడు.

"పిల్లకు చెవుడు. సాంచాల మోత కొట్టింది."

ఈ మాట అనడానికి మా ఇంట్లో ఆయన కంటే తగినవాడు లేడు. మీసాలు రాకముందు నుంచీ సాంచాల మధ్య నిలబడీ నిలబడీ ఆయన కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది సగం మిగిలింది. ఆయన తమ్ముడికి ఆ సగం కూడా లేదు. మా సందులో సాంచాల మీద బతికినవాళ్లకు చెవుడు రావడమంటే జుట్టు నెరవడం లాంటిదే. దాన్నెవరూ జబ్బు అనుకోరు. కాబట్టి పిల్ల పలకకపోతే ఇంకో కారణం ఉంటుందని ఎవరికీ తట్టలేదు. ఇంకో ఇంట్లోనైతే వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూసేవాళ్లు. మా ఇంట్లో చప్పట్లు కొడితే కొట్టినవాడికే వినపడవు.

మామకు మనవరాలంటే ప్రాణం. ఆ ప్రేమే నా ప్రాణం మీదికి తెచ్చింది. హైదరాబాదులో వినపడని పిల్లలను పెట్టుకుని చదువు చెప్పే హాస్టల్ ఒకటి ఉందని ఎవరో చుట్టాలు చెప్పారు. ఆయన వెంటనే ఫోన్ చేయించి మాట్లాడాడు. నాలుగేళ్లు నిండగానే, జూన్‌లో తీసుకుపోయి వదిలిపెట్టాలట.

"నాలెక్క కావద్దు బిడ్డా. మోతకు దూరముంటే మిగిలిన చెవులన్న దక్కుతయి," అన్నాడు నాతో.

"అన్నం కలిపి నోట్లె పెడితేగని తినని పిల్లను తీస్కపోయి ఎవల చేతుల పెడతవు మామా?" అని అరిచాను.

"ఏందీ?" అన్నాడు ఎడమ చెవి ఇటు తిప్పి.

ఆయనతో కొట్లాడటంలో కష్టం అదే. ప్రతి మాటా రెండుసార్లు అరవాలి. రెండోసారికి కోపం సగం చల్లారిపోతుంది. మా ఆయన వైపు చూస్తే ఆయన గోడ వైపు చూశాడు. వాళ్ల నాన్న ముందు ఆయన నోట్లో నాలుక ఉండదు. "బాపు ఆలోచించే చెప్తడు గదనే," అన్నాడు రాత్రి. ఆలోచించడం కాదు, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం మా మామ. ఆ రాత్రి నా బిడ్డను పక్కలో వేసుకుని ఏడ్చాను. ఈ పిల్ల లేకుండా నేను ఉండలేనని ఏడ్చాను. అక్కడ ఆకలేస్తే అడగడం కూడా రాదు కదా దీనికి అని ఇంకా ఏడ్చాను.

చలికాలంలో మా అమ్మకు కంటి ఆపరేషన్ అయింది. చూసుకోవడానికి బిడ్డను తీసుకుని మా ఊరికి పోయాను. అక్కడే అసలు సంగతి బయటపడింది.

పిల్ల పెరట్లో దడి దగ్గర కూర్చుని చిన్న చిన్న రాళ్లు వరుసగా పేరుస్తోంది. నేను వెనక నుంచి పేరు పెట్టి పిలిచాను. ఉలకలేదు, పలకలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. అప్పుడే లోపల వంటింట్లో మా అమ్మ, నల్లద్దాలు పెట్టుకుని తడుముకుంటూ, బిస్కెట్ ప్యాకెట్ చింపింది. నాకే సరిగ్గా వినపడలేదు. నా బిడ్డ రాళ్లు వదిలేసి, నన్ను దాటుకుని లోపలికి ఉరికింది!

అమ్మ లోపలి నుంచి, "ఏం బిడ్డా, దీనికి చెవుడన్నరు గదా మీవోళ్లు? కాగితం చప్పుడుకు ఉరికొచ్చిందేందే?" అంది.

ఇక ఆ వారమంతా నాకు అదే పని. తలుపు చాటున దాక్కుని ప్యాకెట్ నలిపేదాన్ని, వచ్చేది. ఫోన్‌లో దానికిష్టమైన సబ్బు ప్రకటన పాట సన్నగా పెట్టేదాన్ని, వచ్చేది. కుక్కర్ విజిల్ వేస్తే రెండు చెవులూ మూసుకుని మూలకు నక్కేది. ఒక సాయంత్రం మా ఎవ్వరికీ తెలియకముందే గుమ్మం దగ్గరికి పోయి నిలబడింది. ఏందా అని చూస్తే, దూరాన టేకు ఆకుల మీద వాన మొదలైంది. నాకు సంతోషం పట్టలేదు. "వింటాందమ్మా! నా బిడ్డ నాకంటే మంచిగ వింటాంది!" అని వాకిట్లో గంతులేశాను. అమ్మ, ఊరి వాళ్లు నవ్వుతారే పిచ్చిదానా అని తిట్టింది.

బస్సులో తిరిగి వస్తున్నప్పుడు మాత్రం ఇంకో ఆలోచన వచ్చి కూర్చుంది. నిజంగా చెవుడే అయితే మా ఇంట్లో పెరిగిన పిల్లకు చేతులతో మాట్లాడటం ఎప్పుడో వచ్చి ఉండాలి. మా చిన్నమామకు ఒక్క ముక్క వినపడదు, కానీ చేతులతో ఊరి ముచ్చట్లన్నీ చెప్పి నవ్విస్తాడు. నా బిడ్డ పుట్టినప్పటి నుంచీ ఆ సైగల మధ్యే ఉంది. ఒక్కటీ పట్టుకోలేదు. వేలు పెట్టి ఏదీ చూపించదు. డబ్బాలో బెల్లం కావాలంటే నా మణికట్టు పట్టుకుని లాక్కుపోయి, నా చెయ్యి తీసి డబ్బా మీద పెడుతుంది. అప్పుడు కూడా డబ్బాను చూస్తుంది కానీ నా మొహం చూడదు. వినపడుతుంది, పలకదు. చేతులున్నాయి, చెప్పదు. మరి ఇదేంది? దీనికి ఏం పేరు? నాకు భయం వేసింది, కానీ ఆ భయంలోనే పట్టుదల కూడా వచ్చింది.

ఇంటికి వచ్చి చెవుల పరీక్ష చేయిద్దామన్నాను. మామ సంతోషంగా ఒప్పుకున్నాడు. హాస్టల్ వాళ్లు కూడా పరీక్ష అడిగారట. పిల్లను నిద్రపుచ్చి, తలకు తీగలు అంటించి చూశారు. చెవుల డాక్టరు బయటికి వచ్చి, రెండు చెవులూ బ్రహ్మాండంగా ఉన్నాయని చెప్పాడు.

"మిషన్ ఖరాబైనట్టుంది," అన్నాడు మామ.

చెవుడు కాదని తెలిశాక సందులో ప్రతి ఒక్కరూ డాక్టరైపోయారు. ఎద్దు పుండు కాకికి ముద్దా! అంతా మొండితనం, రెండు అంటిస్తే మాట్లాడుతుందని ఒకామె. ఫోన్ చూపించి నేనే చెడగొట్టానని ఇంకొకామె. పిల్లకు బుర్ర ఎదగలేదని మా ఆడబిడ్డ ఫోన్‌లో అత్తమ్మతో మెల్లగా, పక్కనున్న నాకు వినపడేటట్టే అంది. దిష్టి, గాలి, గ్రహం, అన్నీ అయ్యాయి. నేను చీపురు పట్టుకుని వాకిలి ఊడుస్తూ, "నా బిడ్డ గురించి ఇంకోసారి మాట్లాడితే ఈ చీపురుతోటే మాట్లాడుత," అన్నాను. సాంచాలు నడుస్తున్నా ఆ మాట మాత్రం అందరికీ వినపడింది.

మేమంతా ఖాలా, అంటే పిన్నీ అని పిలిచే ఎదురింటి పెద్దామె మాత్రం గేటు దాటి లోపలికి వచ్చింది. "ఫికర్ చెయ్యకు బేటీ. నా మనవడు మూడేండ్లదాంక మాట్లాడలే. హన్మకొండల పిల్లల ఎదుగుదల చూసే డాక్టరమ్మ ఉన్నది. ఆమెకు చూపిస్తే, మాటలు లేటు, అంతే అన్నది. ఇప్పుడు చూడు, నోరు మూస్తలేడు," అంది.

ఆ పిల్లవాడిని నేనూ చూశాను. మాట రాని రోజుల్లో కూడా ఆకాశంలో విమానం పోతే అందరినీ గుంజి చూపించేవాడు. వాళ్ల తాత టోపీ పెట్టుకుని తాతలాగా దగ్గి నవ్వేవాడు. నా బిడ్డ అట్లా ఎప్పుడూ చేయలేదని ఖాలాతో చెప్పాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, "అందుకే ఆమె కాడికి పో అంటాన. ఒక్కటే తీరు కనబడ్డా అందరిదీ ఒక్కటే కాదు," అంది.

డాక్టరమ్మ గదిలో బల్ల, కుర్చీ పక్కకు జరిపి ఉన్నాయి. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని కింద చాప మీద కూర్చుంది. సబ్బు బుడగలు ఊదింది, బొమ్మను గుడ్డ కింద దాచింది, చిన్న కప్పుల్లో ఉత్తుత్తి ఛాయ్ పోసి తాగింది. నా బిడ్డ ఆ కప్పులు తీసుకుని రంగుల వారీగా పేర్చింది. బుడగలు మళ్లీ కావాలనిపించి, ఆమె మొహం చూడకుండా ఆమె చెయ్యి పట్టుకుని సీసా మీద పెట్టింది. ఆమె నన్ను అడిగిన ప్రశ్నలకు అంతు లేదు. ఏం తింటుంది, ఏం తినదు, దేనికి నవ్వుతుంది, దేనికి భయపడుతుంది, పడుకునేటప్పుడు ఏం చేస్తుంది. ఒక్కరోజుతో అయిపోలేదు, చాలాసార్లు పిలిపించింది.

చివరికి ఒకరోజు నన్నూ మా ఆయననూ కూర్చోబెట్టి చెప్పింది.

"మాట ఒక్కటే లేటైతే పిల్లలు మాట బదులు ఇంకో తొవ్వ వెతుక్కుంటరు. వేలు చూపిస్తరు, మన మొహం చూస్తరు, ఉత్తుత్తి ఆటలు ఆడతరు. ఎదురింటి పిల్లగాడు చేసిండన్నవు గదా, అట్ల. తెలివి ఎదుగుడు లేటైతే ఆటల్ల, పనుల్ల, అన్నిట్ల చిన్నపిల్లల తీరే ఉంటరు. మనుషుల దిక్కు మాత్రం వాళ్ల ఎదుగుదలకు తగ్గట్టు వస్తరు. కొందరికి కుదురే ఉండది, కాని మనతోటి కలిసిపోతరు. మీ పాపకు కలుసుకునే తొవ్వనే వేరేగ ఉన్నది. ఒక్కటే పని మళ్ల మళ్ల చేసుడు, చప్పుడుకు చెవులు మూసుకునుడు, ఇవన్నీ కలిపి చూసిన. ఇది ఆటిజం అమ్మా. ఒక్కొక్కలకు రెండు మూడు కలిసి సుత ఉంటయి, అందుకే తొందరపడలే. ఈమెకు వేరేవి కనిపిస్తలేవు."

"సాంచాల మోత వల్ల వచ్చిందా మేడం? ఫోన్ వల్లనా?" అని నేను అడిగాను.

"కాదు. నువ్వు చేసింది ఏం లేదు, చెయ్యంది ఏం లేదు. ఆమె మెదడు పుట్టుడే ఆ తీరు. మోత వల్ల రాలే గని మోతంటే ఆమెకు మస్తు తక్లీఫ్ అయితది."

నేను ఏడుస్తాననుకుందేమో, నీళ్ల గ్లాసు నా ముందుకు జరిపింది. నాకు ఏడుపు రాలేదు. ఇన్నాళ్లూ నా బిడ్డను చెవిటిది, మొండిది, బుర్ర లేనిది అని నోటికొచ్చిన పేరు పెట్టారు. ఇప్పుడు దానికి ఏం కావాలో తెలిసిన మనిషి అసలు పేరు చెప్పింది. గెలిచినట్టే అనిపించింది. వస్తూ వస్తూ చౌరస్తాలో బండి ఆపించి వేడి వేడి జిలేబీలు కట్టించాను.

"ఏందే, ఏమన్న పండుగా?" అన్నాడు మా ఆయన బిత్తరపోయి.

"పండుగే. వినపడని పిల్లల హాస్టల్ల వినపడే పిల్లనెట్ల వేస్తరు? నా బిడ్డ నా కాడనే ఉంటది," అన్నాను.

నా సంబరం ఇంటికి చేరేదాకానే. మామ జిలేబీ నములుతూ అంతా విన్నాడు, అంటే నేను అరిచాను, ఆయన విన్నాడు. ఆటిజం సంగతి ఆయనకు ఎక్కలేదు. మోతంటే తక్లీఫ్ అన్న ఒక్క ముక్క మాత్రం పట్టుకున్నాడు. "నేను మొదటినుంచి చెప్తలేనా? ఆ హాస్టల్ కాకపోతే ఇసొంటి పిల్లల హాస్టల్ ఇంకోటి చూస్త. సాంచాలు ఇడిసిపెడితే మనం తినేదేంది? పిల్లను మోతకు దూరం పంపుడే నయం." జూన్ అన్న గడువు జూన్‌గానే ఉండిపోయింది.

సరే, జూన్ లోపల నా బిడ్డ తనకు ఏం కావాలో తనే చెప్పగలగాలి, అది ఒక్కటే నా చేతిలో ఉంది అనుకున్నాను. హన్మకొండలో థెరపీకి తిప్పడం మొదలుపెట్టాను. అక్కడి మేడం, మాటలు వచ్చినప్పుడు వస్తాయి, ముందు ఆమెకు చెప్పే దారి ఒకటి ఇవ్వండి, బొమ్మలైనా సరే, సైగలైనా సరే అంది. నాకు నవ్వాగలేదు. సైగలకు మా ఇంట్లో కరువా!

మామ ఒప్పుకోలేదు. "చేతులు నేర్పితే ఇగ నోరు తెరుస్తదా?" అన్నాడు. సైగల వల్ల మాట ఆగిపోదని డాక్టరమ్మ చెప్పిందని అరిచాను. వినపడలేదన్నట్టు అటు తిరిగాడు. ఆ సగం చెవిని అవసరానికి వాడుకోవడం ఆయనకు బాగా తెలుసు. అత్తమ్మ మాత్రం కొంగు బిగించింది. నీళ్ల గ్లాసు నా చేతిలో, పిల్ల నా ఒళ్లో, వెనక నుంచి అత్తమ్మ పిల్ల బొటనవేలు పట్టుకుని పెదవికి ఆనించేది. ఆనించగానే నేను నీళ్లు ఇచ్చేదాన్ని. మళ్లీ అదే, మళ్లీ అదే. విసుగొచ్చి గ్లాసు విసిరికొట్టింది, కొరికింది, నా జుట్టు పీకింది. నేనూ తక్కువ తినలేదు, గోడను తిట్టాను, సాంచాలను తిట్టాను, మా ఆయనను తిట్టాను. అయినా ఆపలేదు.

ఎండలు ముదిరాక ఒకరోజు, ఎవరూ చెయ్యి పట్టుకోకుండానే, నా ముందు నిలబడి బొటనవేలు పెదవికి ఆనించింది. ఆనించి నా మొహంలోకి చూసింది. అమ్మా, ఆ చూపు! గట్టిగా కేక పెట్టాను, పాపం చెవులు మూసుకుంది. ఏడుస్తూ నవ్వుతూ గ్లాసు నిండా నీళ్లిచ్చాను. తాగి మళ్లీ బొటనవేలు ఆనించింది. కడుపు నిండినా అడుగుతూనే ఉంది, అడిగితే వస్తుందని తెలిసిన సంబరం అది. ఆ సాయంత్రం మామకు చూపిస్తే, "నీళ్లకేముంది, కోడిపిల్ల సుత అడుగుతది," అని పోయాడు.

జూన్ దగ్గర పడింది. కొత్త హాస్టల్ వాళ్లు ఫోన్ చేశారు. వచ్చే సోమవారం తీసుకురమ్మన్నారని మామ చెప్పాడు. నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం. రేకులు కాలుతున్నాయి, సాంచాలన్నీ నడుస్తున్నాయి. ఆ వేళకు నా బిడ్డ ఎప్పుడూ ముందు గదిలో దిండు నెత్తి మీద పెట్టుకుని బోర్లా పడుకుని ఉంటుంది. షెడ్డులోకి ఏనాడూ అడుగుపెట్టలేదు. ఆ రోజు లేచింది, వంటింటి గుమ్మం దాటింది, నేను చూస్తుండగానే షెడ్డులోకి పోయింది. ఏం చేస్తుందో చూద్దామని నేనూ వెనకే పోయాను.

మామ మొదటి సాంచా దగ్గర ఉన్నాడు. పిల్ల పోయి ఆయన లుంగీ గుంజింది. ఆయన వంగి చూశాడు. అది తన అరచెయ్యి పైకి ఎత్తి, టక్కున పిడికిలి బిగించింది.

అది ఆపమనే సైగ. పోగు తెగినప్పుడు మా షెడ్డులో అందరూ అదే చేస్తారు. అది దానికి నేను నేర్పలేదు. అత్తమ్మా నేర్పలేదు. వంటింటి గుమ్మంలోంచి ఎప్పుడు చూసిందో, ఎన్నాళ్లు మనసులో పెట్టుకుందో!

మామ పనిమంతుడు కదా, సైగ చూడగానే తల సాంచా వైపు తిప్పి తెగిన పోగు ఎక్కడా అని వెతికాడు. ఏ పోగూ తెగలేదు. మళ్లీ పిల్ల వైపు చూశాడు. అది ఆయన కళ్లలోకి చూస్తూ మళ్లీ చెయ్యెత్తి పిడికిలి బిగించింది. బిగించి, రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది.

ఆయన మొహం ఎట్లా మారిందో నేను చెప్పలేను. ఆ సాంచా ఆపాడు. పక్కది ఆపాడు. ఇక ఒక్కొక్కటీ ఆపే ఓపిక లేక గోడ దగ్గరికి పోయి మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. పట్టపగలు మా ఇల్లు నిశ్శబ్దమైపోయింది. నా బిడ్డ చెవుల మీద నుంచి చేతులు తీసింది. మామ కింద చతికిలబడి దాన్ని ఒళ్లోకి లాక్కుని, భుజాలు అదిరేటట్టు ఏడ్చాడు. అది ఆయన గడ్డం గీకుతూ కూర్చుంది.

సందులో తలుపులు తెరుచుకున్నాయి. "కరెంటు పోయిందా?" అని ఎదురింటి ఖాలా గేటు దగ్గర నుంచి కేకేసింది.

"కరెంటు పోలే!" మామ అరిచాడు. అంత గొంతు ఆయనకు ఉందని నాకప్పటిదాకా తెలియదు. "నా మనవరాలు బంద్ పెట్టమన్నది!"

నేను కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ నేనూ అరిచాను. "అయితే సోమవారం హాస్టల్ వాళ్లకు ఏం చెప్పాలె మామా?" సాంచాలు ఆగాయని మరిచిపోయాను, సందంతా విన్నది.

"ఏ హాస్టల్?" అని కళ్లెర్రజేశాడు. "ఇంట్ల మోత ఎక్కువైతే మోతను తగ్గిస్తరు గని పిల్లను పంపుతరా? మధ్యాహ్నం పూట సాంచాలు బంద్, ఆమె గదికి మందం గోడ కట్టిస్త. చదువుకున్నదానివి, జర బుద్ధి లేదా నీకు?"

హాస్టల్ ఆలోచన నాదే అయినట్టు సందు సందంతా వినేలా నన్ను తిట్టాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆయన చేత తిన్న తిట్లన్నింటిలో అంత తియ్యటిది ఇంకోటి లేదు.